మీకు తెలుసా? కప్పలా కూర్చోవడమూ యోగాసనమే!

పిల్లలకు నేర్పే జంతువుల యోగా ఈమధ్య పుట్టిన ఆట అనుకుంటాం. కానీ సుమారు 1700 నాటి యోగ గ్రంథం ‘ఘేరండ సంహిత’ వర్ణించిన 32 ఆసనాల్లో దాదాపు సగం జీవుల పేర్లతోనే ఉన్నాయి: సింహం, మొసలి, తాబేలు, కప్ప, ఒంటె, మిడత, కోడి, నెమలి. జీవరాశులు ఎన్నో ఆసనాలూ అన్నే, 84 లక్షలు అంటుందా గ్రంథం.

వరంగల్ పిల్లలకు ఈ జంతువుల యోగా నేర్పాలంటే చూపించడానికి కావలసినవన్నీ ఊళ్లోనే ఉన్నాయి. కోటలో కీర్తితోరణాల మీద హంసలు, వేయిస్తంభాల గుడి ముందు నల్లరాతి నంది, హంటర్ రోడ్డు జూలో నెమళ్లు. ముందు జంతువును చూపించండి. తర్వాత ‘ఇప్పుడు నువ్వు మొసలివి’ అంటే చాలు, ఐదేళ్ల బిడ్డ కూడా బోర్లా పడుకుంటుంది. మకరాసనంలో పొట్ట నేలకు ఆనుతుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అది ఉబ్బడం బిడ్డకే తెలుస్తుంది. శ్వాసను గమనించడం నేర్పడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు కనిపించదు. బిడియపడే పిల్లలకైతే నాలుక చాపి గర్జించే సింహాసనం ఎంత బాగుంటుందో! భ్రామరి ప్రాణాయామంలో తుమ్మెదలా ఝుమ్మనడం కూడా వాళ్లకు ఇష్టమే.

అయితే అన్నీ పిల్లలవి కావు. మయూరాసనంలో ఒంటి బరువంతా చేతుల మీదే పడుతుంది, చిన్నవాళ్లకు వద్దు. ఊపిరి బిగబట్టించకండి, తలకిందుల ఆసనాలు వేయించకండి, తిన్న వెంటనే మొదలుపెట్టకండి. నొప్పి అంటే అక్కడే ఆపేయండి.