వాకిట వాలిన రామచిలుక

2019వ సంవత్సరం అక్టోబరు మాసంలో ఒక శుక్రవారం సాయంత్రం న్యూజెర్సీలోని మా ఇంటి వెనుక కొయ్య కమ్మీ మీద ఒక పచ్చని పక్షి వచ్చి వాలింది. మేపుల్ ఆకులు ఎర్రబడి రాలిపోతున్న రోజులు. రాత్రిపూట చలి బాగా ముదురుతున్నది. ఎర్రని ముక్కు, మెడ చుట్టూ నలుపు, గులాబి రంగుల కంఠరేఖ, పొడవైన తోక చూడగానే సందేహం తీరిపోయింది. అది మన రామచిలుక. "ఇది ఇండియా నుంచి ఎగిరి వచ్చిందా నాన్నా?" అని పదకొండేళ్ళ మా అమ్మాయి అడిగింది.

ఎగిరి రాలేదు. ఈ దేశంలో పుట్టి, ఎవరి ఇంటిలోనో పెరిగి, తలుపు తెరచి ఉన్న ఒక్క క్షణంలో బయట పడిన పక్షి అది. అడవులలో పట్టిన చిలుకల దిగుమతిని అమెరికా 1992లో చేసిన చట్టంతో తీవ్రంగా కట్టడి చేసింది. కనుక ఇక్కడి పెంపుడు చిలుకలలో అత్యధిక భాగం పంజరాలలో పొదిగినవే. భారతదేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. చిలుక జోస్యం చూసి పెరిగిన మన తరంలో చాలామందికి ఈ విషయం తెలియదు.

దారి తప్పిన పెంపుడు చిలుక దొరికినప్పుడు ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నదే ఈ వ్యాసంలోని విషయం. మన వంటిండ్లలో ఉన్న ఒక ప్రమాదాన్ని గురించి ఇందులో కొంత విపులంగా చెప్పదలచాను. రసాయన శాస్త్రజ్ఞుడినై ఉండి కూడా ఆ ప్రమాదాన్ని సమయానికి గుర్తించలేకపోయాను.

ముందుగా తేల్చుకోవలసినది

కనిపించిన ప్రతి చిలుకా తప్పిపోయినది కాదు. లండన్ పరిసరాలలో రామచిలుకలు వేల సంఖ్యలో స్వేచ్ఛగా జీవిస్తున్నాయి. మా రాష్ట్రంలోని ఎడ్జ్‌వాటర్ పట్టణంలో దక్షిణ అమెరికాకు చెందిన మాంక్ పారాకీట్లు పుల్లలతో పెద్ద పెద్ద గూళ్ళు కట్టుకొని దశాబ్దాలుగా కాపురం ఉంటున్నాయి. గుంపుగా తిరుగుతూ మనిషిని చూడగానే ఎగిరిపోయే పక్షుల జోలికి పోరాదు. ఒంటరిగా ఉండి, మనిషిని చూసి దగ్గరకు వచ్చే పక్షి, అలసి నేలకు దిగిన పక్షి, కాలికి రింగు ఉన్న పక్షి పెంపుడువి అయి ఉంటాయి. అతుకు లేని రింగును పిల్ల పుట్టిన తొలి రోజులలో, పాదం ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే తొడుగుతారు. కనుక అటువంటి రింగు ఉన్న పక్షి మనుషుల మధ్య పుట్టినదని అర్థం.

మనకెందుకులే అని వదలివేస్తే దాని గతి ఏమిటి? పంజరంలో పెరిగిన పక్షికి ఆహారం వెదకుకోవడం తెలియదు, డేగను చూసి తప్పించుకోవడం తెలియదు. అక్టోబరు చలిలో అది బ్రతికే రోజులు చాలా తక్కువ.

పట్టుకొనే విధానం

వెంటపడితే అది మరింత దూరం పోతుంది. తలుపు తీసిన పంజరంలో గింజలు, పండు ముక్కలు పెట్టి పక్షికి కనబడేటట్లు ఉంచి, మనం కొంచెం ఎడంగా నిలబడాలి. ఆకలిగా ఉన్న పెంపుడు పక్షి తరచుగా తానే లోపలికి వస్తుంది. చీకటి పడిన తరువాత చిలుకలు ఎగరడానికి ఇష్టపడవు కనుక, అందే ఎత్తులో ఉంటే మెత్తని తువాలు కప్పి పట్టుకోవచ్చు. మా పొరుగువారి పాత పంజరంలో ఆపిల్ ముక్క పెట్టిన ఇరవై నిమిషాలకు మా అతిథి తనంతట తానే లోపలికి నడచి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. పక్షిని పట్టుకున్నప్పుడు రొమ్మును నొక్కరాదు. మనకున్నట్లు పక్షులకు డయాఫ్రం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనుకకూ కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. ముక్కు, నోరు మూసుకుపోకపోయినా, ఛాతీని గట్టిగా పట్టుకుంటే చాలు, పక్షి ఊపిరాడక చనిపోతుంది. భయపడిన పిల్లలు ప్రేమతోనే ఈ పొరపాటు చేస్తారు.

మొదటి రాత్రి

పక్షి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. చలిలో తిరిగి వచ్చిన పక్షి ఆ వేడిని నిలుపుకోవడానికే తన శక్తినంతా ఖర్చు చేస్తుంది. కనుక మొదట కావలసినవి వెచ్చదనం, నిశ్శబ్దం, నీరు. గది ఉష్ణోగ్రత 27 నుండి 30 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. పంజరాన్ని మూడు వైపులా బట్టతో కప్పి, అందరూ తిరిగే చోట కాక, తలుపు మూసిన వేరొక గదిలో పెట్టాలి. సీలింగు ఫ్యాను ఆపివేయాలి. పాలు పట్టించరాదు, పాలలోని లాక్టోజును పక్షులు జీర్ణించుకోలేవు.

చిలుక తన జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించిన పక్షిని వేటాడే జంతువు ముందుగా పట్టుకుంటుంది కాబట్టి, చివరి దశ దాకా ఆరోగ్యంగా ఉన్నట్లే కనిపించడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఈకలు ఉబ్బించుకొని కూర్చోవడం, పంజరం అడుగున పడి ఉండడం, ప్రతి శ్వాసకూ తోక ఎగిరెగిరి పడడం ప్రమాద సూచనలు. వీటికంటె ముందుగా హెచ్చరించే పరికరం వంటింటి తక్కెడ. గ్రాములు చూపే తక్కెడ మీద రోజూ ఉదయం ఒకే వేళకు తూచాలి. రామచిలుక బరువు సుమారు 110 నుండి 140 గ్రాములు. 120 గ్రాముల పక్షి 12 గ్రాములు తగ్గిందంటే, మన బరువులో పదవ వంతు పోయినట్లే. వెంటనే పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యునికి చూపాలి. కుక్కలను, పిల్లులను మాత్రమే చూసే వైద్యులకు చాలామందికి ఈ వైద్యంలో అనుభవం ఉండదు.

దోసెల పెనం

మరునాడు శనివారం ఉదయం మా ఇంట్లో దోసెలు. నా శ్రీమతి నాన్‌స్టిక్ పెనాన్ని పొయ్యి మీద పెట్టగానే ఇండియా నుంచి ఫోను వచ్చింది. ఆమె మాటలలో పడింది. పెనం ఖాళీగా, పెద్ద మంట మీద కాలుతున్నది. నేను పక్కనే కూర్చుని వార్తాపత్రిక చదువుకుంటున్నాను. నాకు ఏ వాసనా తెలియలేదు. కొన్ని నిమిషాల తరువాత ఉన్నట్టుండి పై అంతస్తులో ఉన్న పక్షి గుర్తుకు వచ్చి, లేచి పరుగెత్తి పొయ్యి ఆపి, కిటికీలన్నీ తెరిచాను.

నాన్‌స్టిక్ పూత పాలీటెట్రాఫ్లోరోఇథిలీన్ అనే పదార్థం. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞునికి, వేరొక ప్రయోగంలో ఉండగా, ఇదే న్యూజెర్సీ రాష్ట్రంలో అనుకోకుండా దొరికింది. కర్బన, ఫ్లోరిన్ పరమాణువుల మధ్య బంధం ఎంతో బలమైనది కనుక, మామూలు వంట వేడికి ఇది చెక్కుచెదరదు. అయితే ఉష్ణోగ్రత 260 డిగ్రీల సెల్సియస్, అంటే 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన కొద్దీ ఈ పొడవైన అణుమాలలు తెగిపోనారంభిస్తాయి. అప్పుడు అతి సూక్ష్మమైన కణాలు, వేడి ఇంకా పెరిగితే హైడ్రోజన్ ఫ్లోరైడ్, కార్బొనైల్ ఫ్లోరైడ్, పెర్‌ఫ్లోరోఐసోబ్యుటిలీన్ వంటి విషవాయువులు వెలువడతాయి. పిండి పోసిన పెనంలోని తేమ ఆవిరవుతూ ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది. ఖాళీ పెనానికి ఆ రక్షణ లేదు. పెద్ద మంట మీద కొద్ది నిమిషాలలోనే అది హద్దు దాటగలదు. ఆ పొగను ఎక్కువగా పీల్చిన మనిషికి జలుబు జ్వరం వంటి బాధ వచ్చి ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. పక్షికి ఊపిరితిత్తులలో రక్తస్రావం జరిగి, కొన్ని నిమిషాలలోనో, కొన్ని గంటలలోనో ప్రాణం పోతుంది.

ఇంత తేడా ఎందుకు? మన ఊపిరితిత్తులలో గాలి వచ్చిన దారినే తిరిగి పోతుంది. పక్షి శరీరంలో ఊపిరితిత్తులతో పాటు గాలిసంచులు ఉంటాయి. అవి కొలిమితిత్తులవలె పనిచేసి, గాలిని ఊపిరితిత్తులగుండా ఒకే దిశలో నడిపిస్తాయి. పీల్చేటప్పుడే కాదు, విడిచేటప్పుడు కూడా తాజా గాలి ఊపిరితిత్తులను తాకుతూనే ఉంటుంది. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును సమకూర్చే ఈ అద్భుతమైన ఏర్పాటే విషాన్ని కూడా అంతే సమర్థంగా లోపలికి చేరుస్తుంది. బొగ్గు గనులలోకి కానరీ పక్షులను తీసుకుపోయింది ఇందుకే. బ్రిటన్‌లో ఈ పద్ధతికి 1986లో స్వస్తి చెప్పారు.

ఆనాడు మా చిలుకను కాపాడినది నా పాండిత్యం కాదు. అంటువ్యాధుల భయంతో దాన్ని పై అంతస్తులో, తలుపు మూసిన గదిలో పెట్టడమే దాని ప్రాణాన్ని నిలిపింది. పాలిమర్ల మీద పరిశోధన చేసి పట్టా పొందిన నాకు, పుస్తకంలో చదివిన వాక్యం పక్కనే ఉన్న పొయ్యికి వర్తిస్తుందని స్ఫురించడానికి అన్ని నిమిషాలు పట్టింది.

పక్షి ఉన్న ఇంట్లో నాన్‌స్టిక్ పాత్రలను వాడకపోవడమే క్షేమం. కొన్ని ఇస్త్రీపెట్టెలకు, గది వేడిచేసే పరికరాలకు, వేడిదీపాలకు కూడా ఇదే పూత ఉంటుంది. ఓవెన్ తనను తాను శుభ్రపరచుకొనే సమయంలో వచ్చే పొగ కూడా ప్రమాదకరమే. పోపు మాడిన పొగ, అగరువత్తులు, కర్పూరం, సాంబ్రాణి ధూపం, సిగరెట్లు, సుగంధపు స్ప్రేలు కూడా పక్షి గదికి దూరంగా ఉండాలి. పూజ మానుకోనక్కర లేదు. గది తలుపు మూసి, కిటికీ తెరిస్తే చాలు.

ఏది ఆహారం, ఏది విషం

కేవలం గింజలు మాత్రమే తినే చిలుకకు కొవ్వు ఎక్కువై, విటమిన్ ఎ లోపిస్తుంది. చిలుకల కోసం తయారైన పెల్లెట్లు ప్రధానాహారంగా, దానికి తోడు క్యారెట్, చిలగడదుంప, ఎర్ర బెంగుళూరు మిరప, ఆకుకూరలు, మొక్కజొన్న, ఉప్పు వేయని ఉడికిన పప్పు పెట్టవచ్చు. జామపండు నిస్సంకోచంగా పెట్టవచ్చు. కొత్తగా వచ్చిన పక్షికి మొదటి రోజులలో అలవాటైన గింజలే పెట్టి, మార్పును క్రమంగా చేయాలి.

చిలుకకు పచ్చిమిరపకాయ పెట్టడం మన పల్లెలలోని అలవాటు. ఇందులో క్రూరత్వం లేదు. మిరపలోని క్యాప్సెయిసిన్ మన నరాలలోని ఒక గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుంది. పక్షులలోని అదే గ్రాహకం క్యాప్సెయిసిన్‌కు స్పందించదని డేవిడ్ జూలియస్ ప్రయోగశాల 2002లో వివరించింది. ఈ గ్రాహకాన్ని కనుగొన్నందుకు ఆయన 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అయితే ఆవకాయ ముక్క మాత్రం పెట్టరాదు. దానిలోని ఉప్పు చిలుకకు హానికరం.

అవొకాడోలోని పెర్సిన్ పక్షి గుండెను దెబ్బతీస్తుంది. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, కాఫీ, టీలలోని కెఫీన్, ఉల్లి, వెల్లుల్లి, మద్యం పనికిరావు. ఆపిల్ గింజలలో సయనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది కనుక వాటిని తీసివేయాలి. వేరుసెనగ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, కారణం దాణాలోని బూజుపట్టిన వేరుసెనగ పిండి అని తేలింది. అఫ్లటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసింది ఆ విధంగానే. మనుషులు తినడానికి అమ్మే శుభ్రమైన పప్పును మాత్రమే, అది కూడా అరుదుగా పెట్టాలి.

పంజరం విషయంలోనూ రసాయన శాస్త్రం ఉంది. చిలుక ముక్కుతో ప్రతి కమ్మీనీ కొరుకుతుంది. జింకు పూత పూసిన తీగలు, సీసం కలిసిన పాత రంగులు కడుపులోకి పోతే నెమ్మదిగా విషమవుతాయి. తుప్పు పట్టని స్టీలు పంజరం అన్నిటికంటె శ్రేష్ఠం.

ఇంటివారి ఆరోగ్యం

చిలుకల నుండి మనుషులకు సిట్టకోసిస్ అనే జబ్బు రావచ్చు. 1929-30లో అనేక దేశాలలో ఇది వ్యాపించి ప్రజలను భయపెట్టింది. ఎండిన రెట్ట ధూళిలోని క్లమీడియా అనే బాక్టీరియా దీనికి కారణం. నేడు దీనికి డాక్సీసైక్లిన్ వంటి మంచి మందులున్నాయి. పంజరంలోని కాగితాన్ని రోజూ మార్చాలి; ఎండిన రెట్టను ఊడ్చకుండా, తడిపి తుడవాలి; తరువాత చేతులు కడుక్కోవాలి. ఇంట్లో గర్భవతులు, పసిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన వృద్ధులు ఉంటే వారిని ఆ గదికి దూరంగా ఉంచాలి. ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే, ఇంటికి చిలుక వచ్చిందని వైద్యునికి తప్పక చెప్పాలి. ఇంతకుముందే ఇంట్లో పక్షి ఉంటే, కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరుగా ఉంచాలి.

చిలుక ఎవరిది?

ఇది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు ఒకరి ఆస్తి. దొరికినంత మాత్రాన అది మనది కాదు. స్థానిక జంతు సంరక్షణశాలకు, సమీపంలోని పశువైద్యులకు తెలియజేయాలి. మైక్రోచిప్ ఉన్నదేమో వైద్యుని చేత చూపించాలి. ఎంతకాలం వేచి ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ప్రకటన ఇచ్చేటప్పుడు జాతి, ఊరు చెప్పి, రింగు రంగు, అంకెలు మాత్రం దాచుకోవాలి. నిజమైన యజమాని ఆ వివరాలు చెప్పగలడు.

మా చిలుకకు నాలుగవ రోజున భయం తీరింది. ఆరవ రోజున మా అమ్మాయి భుజం మీద కూర్చుంది. "ఎవరూ రాకపోతే బాగుండును" అని అమ్మాయి అన్నది. రామచిలుక మంచి సంరక్షణలో ఇరవై ఐదు, ముప్ఫై సంవత్సరాలు బ్రతుకుతుందని, తాను కాలేజీకి పోయిన తరువాత కూడా దానికి రోజూ మనిషి తోడు కావాలని నేను చెప్పాను. ఆ మాటలు ఆమెకు రుచించలేదు.

పన్నెండవ రోజున ఆరు మైళ్ళ దూరంలో ఉండే ఒక వృద్ధురాలు ఫోను చేసింది. రింగు మీది అంకెలను తడుముకోకుండా చెప్పింది. భర్త పోయిన తరువాత ఆ ఇంట్లో మాట్లాడే ప్రాణి అదొక్కటేనట. ఆమె గొంతు వినగానే చిలుక పంజరం అంచుకు వచ్చి, మేము ఆ పన్నెండు రోజులలో ఎన్నడూ వినని ఒక ఈల వేసింది. మా అమ్మాయి పంజరం తలుపు తానే తీసి, పక్షిని ఆమె చేతికి ఇచ్చింది. కారు వెళ్ళిపోయేదాకా ఏడవలేదు.

చిలుక వెళ్ళిపోయింది కనుక పాత పెనాన్ని తిరిగి వాడుకోవచ్చు. కాని మా అత్తగారు ఎన్నడో సూట్‌కేసులో మోసుకొచ్చిన ఇనుప పెనం ఆ రోజులలో అటక దిగింది. ఇప్పటికీ మా ఇంట్లో దోసెలు దాని మీదనే.