నడిచి అడిగిన భూమి నిలిచిందెక్కడ?

ముందుగా చిన్న లెక్క ఒకటి వేద్దాం. మీకు ఎకరం చెలక ఉంది. నాగలి చాలు జానెడు వెడల్పు పడుతుందనుకోండి. ఆ ఎకరాన్ని ఒక సాలు దున్నాలంటే ఎడ్ల వెనక మీరు ఎంత దూరం నడవాలి? మలుపులు లెక్కలోకి తీసుకోకుండానే 17 కిలోమీటర్లు దాటుతుంది. నమ్మబుద్ధి కాకపోతే మీరే లెక్క కట్టి చూడండి.

ఇంచుమించు అంత దూరం రోజూ నడుస్తూ 13 ఏళ్లపాటు దేశమంతా తిరిగిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే ఆచార్య వినోబా భావే. బయలుదేరేనాటికి ఆయనకు 55 ఏళ్లు. కడుపులో పుండు ఉండటం వల్ల పాలు, పెరుగు, తేనె వంటి తేలిక ఆహారంతోనే గడిపేవారు. అడిగింది డబ్బు కాదు, ఓటు కాదు, భూమి. ఆ నడక మొదలైంది మన గడ్డ మీదే. అందులో మన చిన్న రైతులు నేర్చుకోవలసింది ఇప్పటికీ ఉంది.

పోచంపల్లిలో ఏం జరిగింది?

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వార్ధా దగ్గరి పౌనారు ఆశ్రమం నుంచి వినోబా దానికి నడిచే వచ్చారు. సుమారు 300 మైళ్లు, నెల రోజుల నడక. అప్పటికి తెలంగాణ పల్లెల్లో భూమి కోసం సాయుధ పోరాటం నడుస్తోంది. ఒకవైపు దళాలు, మరోవైపు పోలీసు క్యాంపులు. సమ్మేళనం అయ్యాక ఇంటిదారి పట్టకుండా ఆయన ఆ పల్లెల్లోకే నడిచారు.

ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరారు. అక్కడి హరిజనవాడలో 40 కుటుంబాలు ఉన్నాయి. ఏం కావాలని అడిగితే, మాకు పని చేసుకోను భూమి కావాలన్నారు. ఎంత అంటే 80 ఎకరాలు, 40 తరి, 40 ఖుష్కి అని లెక్క చెప్పారు. సర్కారుకు అర్జీ రాయించి పంపుదామన్న మాట వచ్చింది. అంతలో ఊరివాళ్లు ఏమైనా చేయగలరా అని వినోబా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి, నేను 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది 80, వచ్చింది 100! భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆ ఊరికి భూదాన్ పోచంపల్లి అన్న పేరు అలాగే వచ్చింది.

అక్కణ్ణుంచి తెలంగాణలో 51 రోజులు తిరిగితే 12 వేల ఎకరాలకు పైగా దానం వచ్చింది.

తెల్లవారకముందే నడక

ఆయన పద్ధతి మన సేద్యగాళ్ల పద్ధతే. తెల్లవారుజామున మూడింటికి లేవడం, ప్రార్థన ముగించి చీకట్లోనే లాంతరు వెలుగులో బయలుదేరడం. పది మైళ్లు అటూ ఇటూగా నడిచి, ఎండ ముదిరేలోగా తర్వాతి ఊరు చేరడం. సాయంత్రం సభ, దానపత్రాలు రాయించుకోవడం. మర్నాడు మళ్లీ దారి.

ఆయన అడిగే తీరు కూడా ఊరివాళ్లకు సులువుగా అర్థమయ్యేది. నీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాణ్ణి అనుకో, ఆరోవంతు నా భాగం ఇవ్వు, అది భూమి లేనివాడికి పోతుంది, అనేవారు. వందల ఎకరాల ఆసాములు ఇచ్చారు. ఎకరం, రెండెకరాలు ఉన్న రైతులు కూడా తమకున్న దాంట్లో కుంటల లెక్కన ఇచ్చారు.

1951 సెప్టెంబరులో, ప్రణాళికా సంఘంతో మాట్లాడటానికి రమ్మని నెహ్రూ పిలిస్తే ఢిల్లీకి కూడా నడిచే వెళ్లారు. రెండు నెలలు పట్టింది. తర్వాత ఒక్క బీహారులోనే రెండేళ్లకు పైగా తిరిగారు. 1955లో ఒరిస్సా నుంచి ఆంధ్రలోకి, అక్కణ్ణుంచి తమిళనాడులోకి నడిచారు. 1957 ఏప్రిల్‌లో కన్యాకుమారిలో సముద్రం ఒడ్డున నిలబడ్డారు. అక్కడినుంచి కేరళ, మైసూరు, మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్ మీదుగా 1959లో కాశ్మీరు చేరి, పీర్ పంజాల్ కొండలు దాటారు. దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకు కాలినడకే! ఆ తర్వాత అస్సాం కూడా తిరిగి, 1964 ఏప్రిల్‌లో పౌనారు చేరేసరికి ఆయనకు 68 ఏళ్లు.

మాట వచ్చింది, మరి భూమి?

దేశం మొత్తం మీద 40 లక్షల ఎకరాలకు పైగా దానం ప్రకటించారు. అయితే లక్షల ఎకరాలు పేదల చేతికి చేరనే లేదు. ఎందుకో చూద్దాం.

కొన్నిచోట్ల ఇచ్చింది రాళ్లగుట్ట, చవుడు నేల. కొన్ని భూములు కోర్టు తగాదాల్లో ఉన్నవి. కొన్ని దానపత్రాల్లో సర్వే నంబరే లేదు. ఇంకొన్నిచోట్ల తండ్రి ఇచ్చాడు, కొడుకులు ఒప్పుకోలేదు. భూమి అందినా ఎడ్లు, విత్తనం, బావి లేక బీడు పెట్టినవాళ్లు ఉన్నారు.

వినోబా నడక ఆగదు కదా! తెల్లవారితే ఆయన వేరే ఊళ్లో ఉంటారు. ఆయన వెళ్లాక ఊళ్లో నిలబడి, గొలుసు పట్టి కొలిచి, హద్దురాళ్లు పాతించి, పట్టా చేతికిచ్చేవాళ్లు ఉన్నచోట పేదవాడికి భూమి దక్కింది. లేనిచోట దానం కాగితం మీదే మిగిలింది. ఆయన నడక గొప్పతనాన్ని ఇది తగ్గించదు. చట్టం, తుపాకీ లేకుండా, అడిగితే మనిషి భూమి ఇస్తాడని ఆయన చేసి చూపించారు. కానీ దుక్కి దున్నినంత మాత్రాన పంట రాదు. విత్తి, కలుపు తీసి, కాపలా కాయాలి. భూమి హక్కు కూడా అంతే.

మీరు గమనించవలసినవి

మీ తాతకో తండ్రికో భూదాన్ భూమి వచ్చి ఉంటే ఈ నాలుగు విషయాలు చూసుకోండి.

ఒకటి: పట్టాలోని సర్వే నంబరు, విస్తీర్ణం, రెవెన్యూ రికార్డులో ఉన్నవీ ఒకటేనా? తేడా ఉంటే తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

రెండు: పట్టాదారు చనిపోయి ఉంటే వారసుల పేర్లు ఎక్కించారా? భూదాన్ భూమి వారసులకు వస్తుంది. అమ్మడానికి మాత్రం వీల్లేదు. 1965 భూదాన్, గ్రామదాన్ చట్టం చెప్పేది అదే. కష్టంలో ఉన్నామని తెల్లకాగితం మీద రాసిచ్చి పోగొట్టుకోకండి. చవగ్గా వస్తోందని కొనకండి, డబ్బు పోతుంది.

మూడు: బీడు పెట్టకండి. సాగు చేయనివారి నుంచి భూమి వెనక్కి తీసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

నాలుగు: సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు వేయించుకోండి.

భూదాన్ భూమి లేనివారికీ ఒక మాట. మేనమామ ఇచ్చాడనో, అన్న ఒప్పుకున్నాడనో నోటిమాట మీద భూమి దున్నుకుంటున్నవారు మన ఊళ్లలో ఎంతమందో. మామూలుగా భూమి దానం చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో రాసిన దస్తావేజు రిజిస్టరు కావాలి. ఇచ్చినవారు బతికి ఉండగా, మనసులు బాగున్నప్పుడే ఆ పని పూర్తి చేసుకోండి.

ఒకాయన కన్యాకుమారి నుంచి కాశ్మీరుదాకా నడిచి పేదవాడి కోసం భూమి అడిగారు. మన కాగితం మనం సరిచేసుకోవడానికి మండల కేంద్రందాకా నడవలేమా? ఈ వారమే పెట్టెలోంచి ఆ పాత పట్టా తీసి చూడండి.