ధ్వని వేగం దాటామని ఎవరు చెప్పాలి? పైలటా, కాగితమా?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న రిపోర్టు గురించి మాట్లాడుకుందాం.

1947 అక్టోబర్ 14, కాలిఫోర్నియాలోని మ్యూరాక్ ఎడారి. బి-29 బాంబర్ కింద తగిలించుకుని తీసుకెళ్ళిన బెల్ ఎక్స్-1 అనే రాకెట్ విమానాన్ని గాల్లోనే వదిలేశారు. లోపల చక్ యేగర్. సుమారు 43 వేల అడుగుల ఎత్తులో ధ్వని వేగం దాటాడు. ఈ కథ చాలామందికి తెలుసు. కానీ దాటాడని ఎలా తెలిసింది?

చూడండి, ధ్వని వేగాన్ని మ్యాక్ 1 అంటాం. ఆ విమానంలో మ్యాక్ మీటర్ స్కేలే 1.0 దగ్గర ఆగిపోతుంది! ముల్లు కాసేపు ఊగి, స్కేల్ దాటిపోయిందని యేగర్ తన రిపోర్టులో రాశాడు. అక్కడి నుంచి లెక్కేసి 1.05 ఉండొచ్చని అంచనా కట్టాడు.

ముల్లు ఎందుకు ఊగిందంటే, ఈ మీటర్ గాలి పీడనాన్ని బట్టి పనిచేస్తుంది. పీడనం కొలిచే చిన్న రంధ్రాల మీదుగా షాక్ వేవ్ వెళ్ళినప్పుడు రీడింగ్ ఒక్కసారిగా గెంతుతుంది. అంటే ఆ ఊగడం కూడా ఒక సాక్ష్యమే అన్నమాట. తర్వాత నాకా సంస్థ ఇంజనీర్లు విమానంలోని రికార్డర్ల డేటా తీసి లెక్కేస్తే 1.06 అని తేలింది. పైలట్ అంచనా ఎంత దగ్గరగా ఉందో చూశారా?

ఇప్పుడు రెండో వైపు. అంతకు రెండు వారాల ముందే జార్జ్ వెల్చ్ ఎక్స్‌పీ-86 జెట్‌ని డైవ్ చేయించి ధ్వని వేగం దాటాడని కొందరి వాదన. నిజంగానే దాటి ఉండొచ్చు. కానీ పెద్ద చప్పుడు విన్నామన్న జ్ఞాపకాలే తప్ప, ఆ రోజు పరికరాలు నమోదు చేసిన అంకెలు లేవు. అందుకే రికార్డు యేగర్‌దే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక మాట ఉండేది: లాగ్ లేకపోతే జరగనట్టే. వెల్చ్ విషయంలో ఈ మాట కాస్త కఠినంగానే అనిపిస్తుంది.

అలాగని కాగితం అన్నీ చెప్పదు. గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరిగిన నొప్పితోనే యేగర్ ఆ రోజు ఎగిరాడు. అధికారులకి చెప్పలేదు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పుకుంటే మనకి తెలిసింది. వేగం కోసం రిపోర్టు చదవాలి, మనిషి కోసం ఆయన మాట వినాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఆ రోజు పూర్తిగా అర్థమవుతుంది.

మరి మీరైతే వెల్చ్‌కి ఎంత క్రెడిట్ ఇస్తారు? కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.