ఇంట్లో దొరికిన ఆ గొట్టం

ఒక రాత్రి ఒక తల్లి తన కొడుకును మా వార్డుకు తీసుకొచ్చింది. పిల్లవానికి ఆగని దగ్గు, గుండెల్లో మంట, పిల్లికూతలు. ఏమి తాగావు, ఏమి పీల్చావు అని ఎన్నిసార్లు అడిగినా ఏమీ లేదన్నాడు. ఆక్సిజన్ పెట్టాము, ఎక్స్‌రే తీశాము. తెల్లవారాక ఆ తల్లి సంచిలోంచి ఒక వస్తువు తీసి చూపించింది. నీళ్ల బాటిలు, దానికి గుచ్చిన పెన్ను గొట్టం, పైన రేకు. గొట్టం ఒక పక్క కరిగి నల్లబడి ఉంది. "పోలీసోల్లకు పట్టిస్తారేమోనని సెప్పలేదు సిస్టరమ్మా" అని ఏడ్చింది. ఆ మాట రాత్రే చెప్పి ఉంటే మాకు ఎంతో సమయం కలిసి వచ్చేది.

గంజాయి మన ప్రాంతానికి కొత్త కాదు. పూర్వం కొందరు మట్టి చిలుంలో తాగేవారు. ఇప్పుడు పిల్లలు మోటారు షెడ్డులో, వంటింట్లో చేతికి దొరికిన వాటితోనే గొట్టాలు చేసుకుంటున్నారు. పెద్దలు సుగ్గికి గుంటూరు వైపు వెళ్లిన ఇళ్లలో చూసేవారు కూడా ఉండరు.

వస్తువు మంచిదే, నిప్పు దగ్గరే చిక్కు

నీళ్ల బాటిలులో కాగిన నీళ్లు పోస్తేనే ముడుచుకుపోతుంది. దమ్ము లాగినప్పుడు నిప్పు వేడి 700 డిగ్రీలు దాటవచ్చు. అప్పుడు ఏమవుతుందో చూడండి.

1. ప్లాస్టిక్ బాటిలు, పెన్ను గొట్టం: కరిగి, మాడి విషవాయువులు వస్తాయి. గొంతు, ఊపిరి గొట్టాలు వాస్తాయి.

2. పొలం పి.వి.సి. పైపు: కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు వస్తుంది. అది తడి తగిలితే ఆమ్లమవుతుంది. ఊపిరితిత్తుల లోపలంతా తడే.

3. జీ.ఐ. పైపు ముక్క: దీనిపై జింకు పూత ఉంటుంది. ఈ పైపులు వెల్డింగు చేసేవారికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు రావడం ఆ జింకు పొగ వల్లనే. బాగా వేడెక్కిన జీ.ఐ. ముక్కతోనూ ఆ ప్రమాదం ఉంది.

4. కూల్‌డ్రింక్ టిన్ను, చాక్లెట్టు రేకు: టిన్ను బయట రంగు, లోపల సన్నని ప్లాస్టిక్ పూత, రేకుకు కాగితం, జిగురు. ఇవి కాలి పొగలో కలుస్తాయి.

5. గిన్నెలు తోమే ఇనుప పీచు: జల్లెడలా పెడతారు. వేడికి విరిగిన ముక్కలు దమ్ముతోపాటు లోపలికి పోతాయి.

6. టంకం వేసిన అతుకులు: పాత టంకంలో సీసం ఉంటుంది, సుమారు 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. సీసం ఒంట్లో చేరితే రక్తహీనత, కడుపునొప్పి, నరాల జబ్బులు వస్తాయి.

తినడానికి, వాడడానికి మంచిదైనది పీల్చడానికి మంచిది కానక్కరలేదు. 2019లో అమెరికాలో గంజాయి సారం నింపిన వేపింగ్ గొట్టాలు పీల్చి వేలమంది ఆసుపత్రి పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. ముఖ్య కారణంగా తేలింది అందులో కలిపిన విటమిన్-ఇ నూనె. మాత్రగా మింగే విటమినే అది!

"మరి మట్టి చిలుం అయితే?" అని అడుగుతారు. మట్టి కరగదు, నిజమే. కాని గంజాయి పొగలోనే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. లేని మాటలు వినిపించడం, అందరిపై అనుమానం వంటివి కూడా రావచ్చు. గొట్టం మార్చితే విషం ఒకటి తగ్గుతుంది, అంతే. కొందరు ఉమ్మెత్త కలుపుతారు. అది మతి తప్పించి ప్రాణం మీదికి తెస్తుంది. ఒకప్పుడు ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పట్టేవారని ధైర్యపడకండి.

ఇంట్లో ఏమి చేయాలి?

- ఆయాసం, పిల్లికూతలు, ఛాతీనొప్పి, మగత, పెదవులు నీలబడడం ఉంటే గాలి తగిలే చోట కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
- వాంతి చేయించకండి. పాలు, చింతపండు రసం పోయకండి.
- పెదవి, చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. పేస్టు, ఇంకు పూయవద్దు.
- తగ్గినట్లున్నా ఒక రోజంతా కనిపెట్టండి. ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.
- ఆ గొట్టాన్ని పారేయకండి. కవరులో వేసి డాక్టరుకు చూపించండి.

మేము అడిగేది వైద్యం కోసమే. పోలీసు భయం ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64-ఎ సెక్షన్ ప్రకారం, కొద్ది మొత్తం కేసులో ఉన్న వ్యసనపరుడు తానుగా ముందుకు వచ్చి ప్రభుత్వ లేక ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట మాన్పించే చికిత్స పూర్తిగా చేయించుకుంటే ఆ కేసు నుంచి మినహాయింపుకు వీలుంది. సలహాకు 14446, మనసు బాధకు టెలి-మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. అమ్మేవారి సంగతి చెప్పాలంటే 2024లో మన రాష్ట్రంలో ఏర్పడిన ఈగల్ విభాగానికి 1972 నంబరు ఉంది.

ఆ పిల్లవాడు కోలుకొని ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు వాళ్లమ్మకు మేము చెప్పింది ఇంతే: "కొట్టవద్దమ్మా. కొడితే ఈసారి ఇంకా బాగా దాస్తాడు. పక్కన కూర్చొని అడుగు." మీ ఇంట్లో అలాంటి గొట్టం దొరికితే మీకు కూడా మేము చెప్పేది అదే.