సెలవు 30 రోజులు.. పెరూకు 16!

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు సెలవు అంటే సొంతూరే. పెట్టెలు కట్టడం, చుట్టాలందరికీ తలా ఒకటి కొనడం, నెల తిరక్కుండానే తిరుగు విమానం ఎక్కడం. దుబాయ్ సైట్లలో సూపర్‌వైజర్లుగా, ఫోర్‌మన్లుగా పనిచేస్తున్న మేం నలుగురం ఈసారి వేరేగా ఆలోచించాం. 30 రోజుల సెలవులో 16 రోజులు దక్షిణ అమెరికాలోని పెరూకు, 14 రోజులు ఇంటికి.

"గంత దూరం ఎందుకన్నా? గా పైసలతోని ఇంటిమీద ఇంకో అంతస్తు లేస్తది" అన్నాడు మా క్యాంపులోని జగిత్యాల తమ్ముడు. మాటలో న్యాయం ఉంది. మా అనంతపురం ఇంట్లో అమ్మ కూడా "అంతదూరం ఏముంది నాయనా?" అనింది. పదేళ్లుగా ఎవరెవరివో గోడలు కడుతున్నాం. సిమెంటు లేకుండా, ఇనుప పనిముట్లు లేకుండా ఇన్కాలు కట్టిన గోడలు ఒక్కసారి చేత్తో తాకి చూడాలని మా కోరిక. ఇంటికి పంపే డబ్బుల జోలికి పోకుండా, ఓవర్‌టైంలోంచి నెలకు తలా 400 దిర్హాములు, 30 నెలలు పక్కన పెట్టాం.

ముందు ఎత్తు చూడాలి

పెరూలో ఊళ్ల వరుసను దూరం చూసి కాదు, ఎత్తు చూసి వేసుకోవాలి. లిమా సముద్రం ఒడ్డున ఉంది. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. నాలుగు బుర్జ్ ఖలీఫాలు ఒకదానిమీద ఒకటి పెట్టినా 3,312 మీటర్లే! మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు. లిమా నుంచి నేరుగా కుస్కోలో దిగితే తలనొప్పి, వాంతులు, ఆయాసం పట్టుకోవచ్చు. దాన్ని అక్కడ 'సొరోచే' అంటారు. ఎంత బలమైన మనిషికైనా రావచ్చు.

అందుకే మెట్లెక్కినట్టు వేసుకున్నాం. రానుపోను విమానాలకు, లిమాలో ఒక మజిలీకి కలిపి 4 రోజులు. మొదట లిమాలో 2 రోజులు. అక్కణ్నుంచి 2,335 మీటర్ల ఎత్తులోని అరెకిపాలో 3 రోజులు. ఈ దారి బస్సులో 16 గంటల పైమాటే, విమానంలో గంటన్నర. ఒక రోజు మిగులుతుందని విమానానికే ఓటేశాం. తర్వాత టిటికాకా సరస్సు ఒడ్డున, సుమారు 3,800 మీటర్ల ఎత్తులోని పునోలో 2 రోజులు. ఆపైన బస్సులో కుస్కో, అక్కడ 3 రోజులు. చివరికి మాచు పిచ్చుకు 2 రోజులు. అది 2,430 మీటర్లే కాబట్టి కుస్కో కంటే ఊపిరి సులువు.

నెల మే. అప్పటికి వానలు తగ్గుతాయి. జూన్ 24న కుస్కోలో ఇంతి రాయ్మి సూర్య పండుగ, గదులు దొరకడం కష్టం.

కట్టుబడి తెలిసినవాళ్లకు పండగే

లిమాలో 1746 భూకంపం తర్వాత ఇళ్ల పైఅంతస్తులు 'కించా' పద్ధతిలో, అంటే వెదురు, కర్రల తడికెకు మట్టి మెత్తి కట్టారు. బరువు తక్కువ, ఊగినా విరగదు. అరెకిపాలో 'సిల్యార్' అనే తెల్లటి అగ్నిపర్వత రాయి. 2001 భూకంపంలో అక్కడి పెద్ద చర్చి గోపురం ఒకటి కూలితే మళ్లీ కట్టుకున్నారు. పునో దగ్గర ఊరోస్ జనం 'తొతోరా' రెల్లుతో నీళ్లమీద తేలే దీవులే కట్టుకుంటారు.

కుస్కోలో కొరికాంచా అనే ఇన్కా గుడి గోడల మీద స్పెయిన్‌వాళ్లు చర్చి, మఠం కట్టారు. 1950 భూకంపంలో పైకట్టడం బాగా దెబ్బతింది, కింది ఇన్కా గోడలు నిలిచాయి. రాయికి రాయి అతికినట్టు చెక్కడం, గోడను లోపలికి కాస్త వాల్చడం, గుమ్మాలు కింద వెడల్పు, పైన ఇరుకు.. అదీ కిటుకు.

15వ శతాబ్దం నాటి మాచు పిచ్చులో మేం ముందు చూసేది నీటిపారుదలే. మెట్టపొలాల కింద రాళ్లు, కంకర, ఇసుక, ఆపైన మన్ను పొరలుగా పరిచారు. ఎంత వాన పడినా నీళ్లు ఇంకిపోవాలి, కొండ జారకూడదు. ఇంజనీర్ల అంచనాలో అక్కడి పనిలో సగానికి పైగా నేల కిందే ఉంది. పునాదికి మెప్పు రాదని మనకు తెలియంది కాదు కదా!

కాగితాల సంగతి

పెరూకు మనవాళ్లకు వీసా కావాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదైనా కనీసం 6 నెలల గడువుతో ఉంటే 2017 నుంచి మినహాయింపు ఇచ్చారు. గల్ఫ్ రెసిడెన్సీకి ఆ వెసులుబాటు లేదు. దుబాయ్ నుంచి లిమాకు నేరు విమానం లేదు. అమెరికా మీదుగా పోతే విమానం మారడానికి కూడా వీసా అడుగుతారు. కాబట్టి టికెట్ చవకని తొందరపడొద్దు.

ఎల్లో ఫీవర్ టీకా మరవొద్దు. పెరూ నుంచి 6 రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్లకు ఆ సర్టిఫికెట్ లేకపోతే విడిగా ఉంచే నిబంధన ఉంది. వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. మేం లిమా నుంచి ఇటే హైదరాబాద్ వస్తాం గనక నెల ముందే వేయించుకుంటాం.

ఇంకో ముఖ్యమైన మాట. ఎత్తు పడనివాళ్లకు అక్కడి హోటళ్లలో కోకా ఆకు టీ ఇస్తారు. అక్కడ అది మామూలే. కానీ అదే ఆకుతో కొకైన్ చేస్తారు. టీ తాగినా మూత్ర పరీక్షలో ఆనవాళ్లు బయటపడొచ్చు. ఒక్క టీ పొట్లం సంచిలో ఉండి గల్ఫ్‌లో దిగితే ఉద్యోగమే కాదు, జైలే. మేం ముట్టుకోం. మొదటి రోజు మెల్లగా నడవడం, నీళ్లు బాగా తాగడం, అదే మందు.

తిండికి బెంగ లేదు. బంగాళాదుంప పుట్టిల్లు అదే. మా అనంతపురం బతికే వేరుశనగ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. 'చీఫా' అనే చైనా హోటళ్లలో ఫ్రైడ్ రైస్ దొరుకుతుంది. మాంసం వద్దంటే 'సిన్ కార్నె' అనాలి.

మాచు పిచ్చు టికెట్ పేరు, పాస్‌పోర్టు నంబరు మీద, టైముతో సహా ఇస్తారు. నెలల ముందే అయిపోతుంటాయి. అయినా సంతకం పెట్టిన సెలవు కాగితం చేతికి వచ్చాకే డబ్బు కట్టాలని మా ఒప్పందం. ముగ్గురివి వచ్చాయి. నాలుగోవాడి టవర్ హ్యాండోవర్ వెనక్కి జరిగేట్టుంది. వాణ్ని వదిలి పోవడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. అందుకే ఈ నెలాఖరు దాకా ముగ్గురం శుక్రవారాలు కూడా వాడి సైట్లో చెయ్యి వేస్తున్నాం.