హద్దు తెలిసిన రంపం

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, ఆపరేషన్ తప్పదు" అని డాక్టరు చెప్పగానే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇళ్ళలో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఎక్కడికి పోవాలన్నది మొదటిది. కుప్పం వాళ్ళకు రైలెక్కితే ఒకవైపు బెంగళూరు, ఇంకోవైపు వేలూరు సీఎంసీ. మదనపల్లె వాళ్ళకు బెంగళూరు, కాదంటే తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి. రెండో ప్రశ్న ఈమధ్య వచ్చింది: రోబోతో చేయించుకోవాలా, మామూలుగానా? దాని వెనకే ఒక భయం. మిషన్ కోసుకుంటూ పోతుంటే డాక్టరు చేతులు కట్టుకుని చూస్తుంటాడా?

ఆ భయం ఉత్తదేమీ కాదు. ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన తొలితరం ఎముకల రోబో దాదాపు అలాగే పనిచేసేది. ఇప్పటి మోకాలి రోబోల్లో ఎక్కువ భాగం అలా చేయవు. ఈ మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ యంత్రం కథ.

దంతంతో మొదలు

రోబో రావాలంటే ముందు కృత్రిమ కీలు రావాలి. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్ 17 ఏళ్ళ అమ్మాయికి క్షయ తినేసిన మోకాలి కీలు తీసి, ఏనుగు దంతంతో చేసిన మడత కీలు పెట్టాడు. అది ఎముకకు అంటుకోవడానికి గుగ్గిలం లాంటి జిగురు, ప్యూమిస్ రాతి పొడి, ప్లాస్టర్ కలిపి వాడాడు. ఆలోచన గొప్పదే, కానీ క్షయ వదల్లేదు. ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టడంతో ఆ ప్రయత్నాలు ఆగిపోయాయి. అదే బెర్లిన్‌లో 1882లోనే రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టినా, దాన్ని చంపే మందు లేదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైనప్పుడు కూడా గాలి, విశ్రాంతి, తిండి, వీటి మీదే వైద్యమంతా ఆధారపడేది.

ఇవాళ మనం చూస్తున్న మోకాలి మార్పిడికి అసలు రూపం వచ్చింది 1974లో, న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో. జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్‌లతో పాటు ఆ బృందంలో మన దేశంలో పుట్టిన చిత్తరంజన్ రణావత్ ఉన్నారు. 2000లో ఒక మోకాలికి, 2001లో రెండోదానికి ముంబయిలో ప్రధాని వాజ్‌పేయికి ఆపరేషన్ చేసింది ఆయనే.

ఆపరేషన్‌లో జరిగేది వినడానికి సులువు. తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన కోసి, కోబాల్ట్-క్రోమియం లోహపు తొడుగులు బిగిస్తారు. మధ్యలో గట్టి పాలిథిలీన్ బిళ్ళ ఉంటుంది. చిక్కంతా కోత కోణంలోనే. తుంటి, మోకాలు, చీలమండ ఒకే గీత మీదికి రావాలి. మూడు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదన్నది సర్జన్లు చాలాకాలం పాటించిన లెక్క. అరుగుదల ముదిరి దొడ్డికాళ్ళు పడ్డవారిలో ఈ గీత ముందే వంకర తిరిగి ఉంటుంది. మామూలు పద్ధతిలో సర్జన్ ఎముక లోపలికి కడ్డీ దించి, దాని ఆధారంగా కోతకు అచ్చు బిగిస్తాడు. మిగిలింది కంటికీ చేతికీ ఉన్న అనుభవం. యంత్రానికి చోటు దొరికింది ఇక్కడే.

పశువైద్యుడి రోబో

1980ల్లో కాలిఫోర్నియాలో హోవార్డ్ పాల్ అనే పశువైద్యుడు, విలియం బార్గర్ అనే ఎముకల సర్జన్ కలిసి ఐబీఎం సాయంతో రోబోడాక్‌ను తయారు చేశారు. అది మొదట తుంటి కీలు కోసం. చేత్తో తొలిచిన ఎముకలో ఇంప్లాంట్ సరిగ్గా కూర్చోవడం లేదన్నది వాళ్ళ బాధ. 1990లో కుక్కల మీద పరీక్షించారు. 1992 నవంబరులో శాక్రమెంటోలో మొదటిసారి మనిషికి చేశారు. పాల్ ఆ తర్వాత కొద్ది నెలలకే, 1993లో, క్యాన్సర్‌తో చనిపోయాడు.

రోబోడాక్ ఎముకను తనంతట తానే తొలిచేది. కాలిని కదలకుండా చట్రానికి బిగించాక సర్జన్ పని గమనిస్తూ ఉండటం, అవసరమైతే ఆపు బటన్ నొక్కడం. కొలత కచ్చితంగా వచ్చేది, కానీ యంత్రానికి దారివ్వడానికి కండరాన్ని ఎక్కువగా పక్కకు లాగాల్సి వచ్చేది, సమయమూ ఎక్కువ పట్టేది. 1990ల్లో దీన్ని ఉత్సాహంగా వాడిన జర్మనీలో, కండరాలు దెబ్బతిన్నాయంటూ రోగులు కోర్టుకెక్కారు. సొంత దేశం అమెరికాలో 2008లో గానీ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరకలేదు.

చేతికి రంపం, రంపానికి హద్దు

లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయాన్ డేవిస్ బృందం వేరే దారి పట్టింది. కోసేది సర్జనే, పిడి పట్టుకునేది ఆయనే. ముందుగా గీసిన హద్దు దాటబోతే మాత్రం యంత్రం ఒప్పుకోదు. గుంజకు కట్టేసిన దూడ పలుపు తాడు ఉన్నంత మేర ఎటైనా తిరుగుతుంది, ఆ తర్వాత అడుగు పడదు. వాళ్ళ ఆక్రోబాట్ యంత్రం ఇలాంటిదే. సర్జన్ జస్టిన్ కాబ్ బృందం 2006లో దాని ఫలితాలు ప్రచురించింది. మోకాలిలో సగభాగం మార్చే ఆపరేషన్లలో, ఆక్రోబాట్‌తో చేసిన 13 మోకాళ్ళూ అనుకున్న కోణానికి రెండు డిగ్రీల లోపే వచ్చాయి. మామూలుగా చేసిన 15 మోకాళ్ళలో అలా వచ్చినవి ఆరే.

ఇదే ఆలోచనను వ్యాపారంగా నిలబెట్టింది ఫ్లోరిడాలో 2004లో పుట్టిన మాకో సర్జికల్. 2006లో సగం మోకాలితో మొదలుపెట్టింది. 2013లో స్ట్రైకర్ కంపెనీ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొనేసింది. 2015లో పూర్తి మోకాలి మార్పిడికి అమెరికాలో అనుమతి వచ్చింది. రోబోడాక్ వారసత్వం మాత్రం కొరియాకు చెందిన క్యూరెక్సో చేతికి పోయింది. ఆ కంపెనీ కూవిస్ రోబోను మన దేశంలో అమ్మిన మెరిల్, గుజరాత్‌లోని వాపి కేంద్రంగా, 2024లో మిస్సో పేరుతో సొంత మోకాలి రోబోను తెచ్చింది.

బల్ల మీద ఏం జరుగుతుంది

మాకో రకం ఆపరేషన్‌ను దగ్గర నుంచి చూద్దాం. ముందే కాలికి సీటీ స్కాన్ తీసి, ఆ రోగి ఎముకకు కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ కడతారు. ఏ సైజు ఇంప్లాంట్, ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు కోయాలన్నది సర్జన్ ఆ బొమ్మ మీదే తేల్చుకుంటాడు. ఆపరేషన్ రోజున తొడ ఎముకకూ కాలి ఎముకకూ సన్నటి పిన్నులు బిగించి, వాటికి చిన్న గుర్తులు తగిలిస్తారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాటినే గమనిస్తుంటుంది. సర్జన్ కాలిని తుంటి దగ్గర నుంచి గుండ్రంగా తిప్పుతాడు. ఆ తిరుగుడును బట్టి తుంటి కీలు కేంద్రం ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. తర్వాత మొనదేలిన పరికరంతో ఎముక మీద పదుల చోట్ల ఒక్కొక్కటిగా తాకుతాడు. తెర మీది బొమ్మకూ బల్ల మీది ఎముకకూ లంకె పడేది ఇక్కడే. ఇందులో తేడా వస్తే రోబో తప్పు చోటును కూడా అంతే కచ్చితంగా కోస్తుంది.

ఆపైన కాలిని మడిచి, చాచి, లిగమెంట్లు ఎటు బిగువుగా, ఎటు వదులుగా ఉన్నాయో కొలిచి, ప్లాన్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు సవరించుకుంటారు. అప్పుడు గానీ రంపం కదలదు. తెర మీద కోయాల్సిన ఎముక ఆకుపచ్చగా కనిపిస్తుంది. కోసేకొద్దీ పచ్చ పోయి తెలుపవుతుంది, లోతు మించితే ఎరుపు చూపిస్తుంది. చేయి హద్దు మీదికి వెళ్తే రంపం మొరాయించి ఆగిపోతుంది. ఇంప్లాంట్ కూర్చోబెట్టడం, సిమెంట్, కుట్లు అన్నీ ఎప్పటిలాగే మనుషుల పని.

ఇంతకీ లాభమెంత?

కోణం కచ్చితంగా వస్తుందన్నది చాలా పరిశోధనల్లో తేలింది. రోగికి కావాల్సింది మాత్రం కోణం కాదు, నొప్పి లేని నడక. మామూలు మార్పిడి చేయించుకున్న వారిలో ఐదుగురిలో ఒకరు పూర్తిగా తృప్తి పడటం లేదని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. రోబో ఆ లోటు తీరుస్తుందా? వెయ్యిమందికి పైగా రోగులను పదేళ్ళు దాటి గమనించి, కొరియా సర్జన్ యంగ్-హూ కిమ్ బృందం 2020లో ఫలితాలు వెల్లడించింది. రోబోడాక్‌తో చేసినవాటికీ చేత్తో చేసినవాటికీ నడకలో గానీ, ఇంప్లాంట్ మన్నికలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది పాతతరం యంత్రం. లిగమెంట్ల బిగువు కొలిచే కొత్తతరం రోబోలకు అంత సుదీర్ఘమైన లెక్క ఇంకా పోగవ్వాలి. పిన్నులు వేసిన చోట ఎముక విరగడం అరుదే అయినా ఉంది. నేర్చుకునే దశలో ఆపరేషన్‌కు సమయమూ ఎక్కువే పడుతుంది.

ఖర్చు సంగతీ చూడాలి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్ళెం వేసి, కోబాల్ట్-క్రోమియం రకానికి 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఆ పరిమితి ఇంప్లాంట్‌కే. కోట్లు పెట్టి కొన్న రోబో తాలూకు చార్జీ దాని కిందికి రాదు.

పడమటి మండలాల్లో మోకాళ్ళకు పడే బరువు వేరు. టమాటా తోటలో వంగి కాయలు కోయాలి, గొంతుక్కూర్చుని పాలు పిండాలి, బాసింపట్టు వేసుకుని భోంచేయాలి. కొత్త మోకాలితో నడక, మెట్లు వస్తాయి. గొంతుక్కూర్చోవడం, నేల మీద కూర్చోవడం మానుకోమనే చాలామంది సర్జన్లు చెబుతారు, రోబోతో చేసినా సరే. కాబట్టి ఆసుపత్రిలో ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ ఆపరేషన్లు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మధ్యలో యంత్రం మొరాయిస్తే చేత్తో పూర్తి చేయగలరా? రోబోకు అదనంగా ఎంత? ఇంటికి వెళ్ళాక పుంగనూరులోనో కుప్పంలోనో ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారు, ఎన్ని వారాలు? వీటికి సూటిగా జవాబు చెప్పే సర్జన్ దగ్గర రోబో ఉంటే సరే, వాడించుకోవచ్చు. లేకపోతే దానికోసమే ఇంకో ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు.