ధర్మాధారిత పరీక్ష

ధర్మాధారిత పరీక్ష అనగా కంప్యూటరు ప్రోగ్రాములోని దోషాలను, అనగా బగ్‌లను, కనుగొనే ఒక పద్ధతి. సాధారణ పరీక్షలో ప్రోగ్రామరు కొన్ని ఉదాహరణలను తానే రాసి, జవాబులు సరిచూస్తాడు. ఈ పద్ధతిలో ప్రోగ్రాము ఎల్లప్పుడూ పాటించవలసిన ధర్మాన్ని మాత్రమే రాస్తాడు. ఉదాహరణలను కంప్యూటరే యాదృచ్ఛికంగా తయారుచేస్తుంది.

చరిత్ర

స్వీడన్‌లోని చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ హాస్కెల్ భాష కొరకు క్విక్‌చెక్ అనే సాధనాన్ని రూపొందించి, 2000లో దానిపై పరిశోధనా పత్రం ప్రచురించారు. తరువాత ఇతర భాషలలోనూ ఇటువంటివి వచ్చాయి. పైథాన్‌లోని హైపోథెసిస్ వాటిలో ఒకటి.

ఉదాహరణ

2022 ఏప్రిల్ 4న ఏర్పడినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో 22 మండలాలు ఉండేవి. వాటి పేర్లను అకారాది క్రమంలో పేర్చి, "అరకులోయ" ఎక్కడుందో వెదకాలనుకుందాం. మొదట నడిమి పేరు చూడాలి. వెదికే పేరు దానికి ముందు రావలసినదైతే రెండవ సగాన్ని, తరువాత రావలసినదైతే మొదటి సగాన్ని వదలివేయాలి. ఇలా చేస్తే గరిష్ఠంగా 5 సార్లు చూస్తే చాలు. దీనినే బైనరీ సెర్చ్ అంటారు. ఇది పాటించవలసిన ధర్మాలు రెండు: చూపిన స్థానంలో ఆ పేరే ఉండాలి, లేదని చెబితే జాబితాలో ఎక్కడా ఉండరాదు.

జావా లైబ్రరీలోని దోషం

జావా భాషలో జాబితాలను నిర్వహించే ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో సుమారు తొమ్మిదేళ్ళు ఒక దోషం దాగి ఉంది. దానిని రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో ఈ సంగతి వివరించాడు. నడిమి స్థానం కొరకు మొదటి, చివరి స్థానాలను కూడి రెండుతో భాగించేవారు. జావాలో సాధారణ పూర్ణసంఖ్య 2,14,74,83,647ను మించరాదు. 150 కోట్లు, 160 కోట్లు కూడితే 310 కోట్లు కావలసింది, రుణసంఖ్య వస్తుంది. అటువంటి స్థానం జాబితాలో ఉండదు కనుక ప్రోగ్రాము ఆగిపోతుంది. భేదాన్ని సగం చేసి మొదటి స్థానానికి కలిపితే ఈ చిక్కు ఉండదు.

పరీక్షను మెరుగుపరచుట

యాదృచ్ఛిక జాబితాలలో సాధారణంగా పదులు, వందల అంశాలే ఉంటాయి. ఈ దోషం బయటపడాలంటే 107 కోట్లకు పైగా అంశాలు కావాలి. కనుక పై రెండు ధర్మాలను లక్షసార్లు పరీక్షించినా అది చిక్కదు. నడిమి స్థానం లెక్కను విడిగా తీసుకొని, హద్దులకు దగ్గరి పెద్ద సంఖ్యలతో "నడిమి స్థానం మొదటిదానికన్న తక్కువ, చివరిదానికన్న ఎక్కువ కారాదు" అనే ధర్మాన్ని పరీక్షిస్తే వెంటనే పట్టుబడుతుంది. ధర్మం సరైనదైతే చాలదు; దానిని పరీక్షించే సంఖ్యల ఎంపికా సరిగా ఉండాలి.